నాణెము చెప్పు సాక్ష్యము

మన చేతులమీదుగా అనుదినము ఎన్నియో నాణెములు సాగిపోవుచుండును. బస్సులో కండక్టరు తిరిగి యిచ్చిన చిల్లర, కిరాణా కొట్టున మిగిలిన రెండు రూపాయలు, దేవాలయపు హుండీలో వేయుటకై అవ్వ కొంగున ముడివేసికొన్న రూపాయి బిళ్ళ - ఇవి యన్నియు మనకు చిరపరిచితములే. ఐనను వానిని నిదానించి చూచువారు అరుదు. బొమ్మయా బొరుసా యని ఎగురవేయునపుడు తప్ప, నాణెమునకు రెండు ముఖములున్నవన్న సంగతియే మనకు స్ఫురింపదు.

కాని ఎప్పుడైన ఒక వింత నాణెము చేతికి వచ్చినచో మన చూపు దానిపై నిలుచును. ఒక అంకె కనబడకపోవచ్చును. సింహముల మీదుగా ఒక గీత పాఱియుండవచ్చును. అంచున ఒక తునక లేకపోవచ్చును. వెంటనే మనస్సున ఒక ప్రశ్న పుట్టును: ఇది టంకశాలలో జరిగిన పొరపాటా? లేక పదిమంది చేతులలో పడి నలిగిన నాణెమా?

ఈ ప్రశ్న కేవలము వినోదమునకు సంబంధించినది కాదు. వింత నాణెమునకు లక్షల రూపాయలు వచ్చునను వదంతులు దేశమంతట వ్యాపించియున్నవి. వానిని నమ్మి, నాణెము అమ్మిపెట్టెదమని చెప్పువారికి ముందుగా రుసుము చెల్లించి, చేతి సొమ్ము పోగొట్టుకొన్న అమాయకులు కలరు. భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4వ తేదీన ఒక ప్రకటనను వెలువరించినది. పాత నోట్లు, నాణెముల క్రయవిక్రయములలో తన పేరును, చిహ్నమును వాడుకొని కొందఱు ప్రజలనుండి రుసుములు, కమిషన్లు, పన్నులు అడుగుచున్నారనియు, తాను అట్టి వ్యవహారములు నడుపుట లేదనియు, ఎవరినుండియు అట్టి రుసుములు కోరదనియు ఆ ప్రకటనలో హెచ్చరించినది. తన చేతిలోని నాణెమును తానే పరీక్షింప నేర్చినవాడు ఇట్టి వలలో సులభముగా చిక్కడు. కావున ఈ పరీక్షావిధానమును తెలిసికొనుట లాభదాయకము.

నాణెపు జీవితమును రెండు భాగములుగా విభజింపవచ్చును. టంకశాల గడప దాటుటకు పూర్వము జరిగినది మొదటి భాగము. గడప దాటిన పిమ్మట జరిగినది రెండవ భాగము. మొదటి భాగమున కలిగిన లోపమును ముద్రణ దోషమందురు. రెండవ భాగమున కలిగినదానిని అరుగుదల యనియో, దెబ్బ యనియో పిలువవలెను. ఈ రెంటిని వేఱుచేయవలెనన్న నాణెము ఎట్లు పుట్టునో మొదట ఎఱుగవలెను. పుట్టుక తెలియని వానికి పుట్టుమచ్చ ఏదో, పిదప తగిలిన గాయపు మచ్చ ఏదో తెలియదు కదా!

మన దేశమున నాలుగు ప్రభుత్వ టంకశాలలు కలవు. అవి ముంబై, కోల్‌కత, హైదరాబాదు, నోయిడా పట్టణములలో నున్నవి. వానిలో హైదరాబాదు టంకశాల తెలుగువారికి సన్నిహితమైనది. ఇది 1803లో ఆసఫ్‌జాహీ ప్రభువైన సికందర్ జా కాలమున స్థాపింపబడినది. 1903లో సైఫాబాదునకును, 1997లో చర్లపల్లికిని తరలింపబడినది. చర్లపల్లిలో ముద్రింపబడిన నాణెములపై సంవత్సరపు అంకెల క్రింద ఒక చిన్న నక్షత్రము కనబడును. ముంబై నాణెములపై వజ్రపు ఆకృతియు, నోయిడా నాణెములపై గుండ్రని చుక్కయు నుండును. కోల్‌కత నాణెములపై ఏ గుర్తును ఉండదు. ఈ సంగతి తెలియనివారు కోల్‌కత నాణెమును చూచి, గుర్తు పడుట మఱచిపోయినారని భ్రమపడుదురు. అది దోషము కాదు. అది ఆ టంకశాల సంప్రదాయము.

ఇక నాణెము తయారగు క్రమమును చూతము. మొదట తగిన మందము గల లోహపు పట్టెను యంత్రమున కెక్కింతురు. మన యిండ్లలో కజ్జికాయల కొఱకు పిండిని పలుచగా నొత్తి, గిన్నె అంచుతో గుండ్రని ముక్కలుగా కోయుట మీరు చూచియుందురు. అట్లే యంత్రము లోహపు పట్టెనుండి గుండ్రని బిళ్ళలను కోయును. పిదప ఈ బిళ్ళలను ఇఱుకైన దారిలో దొర్లించి, చుట్టును నొక్కి, అంచున సన్నని గట్టును లేపుదురు. తరువాత కొలిమిలో వేడిచేసి లోహమును మెత్తపఱచి, కడిగి ఆరబెట్టుదురు. ఇంతవఱకు అది వట్టి బిళ్ళ మాత్రమే. దానిపై బొమ్మ లేదు, విలువ లేదు.

బిళ్ళను నాణెముగా మార్చునవి రెండు ఉక్కు అచ్చులు. ఒకటి క్రిందను, ఒకటి పైనను నుండును. బిళ్ళ చుట్టును ఒక ఉక్కు కడియము ఉండును. పై అచ్చు మహాబలముతో దిగినప్పుడు లోహము నలుదెసలకు పాఱజూచును. కడియము దానిని నిలువరించును. అప్పుడు లోహము అచ్చులలోని గుంటలలోనికి చొచ్చుకొనిపోయి, బొమ్మగా, అక్షరములుగా ఉబ్బును. అంచున గంట్లు గల నాణెములకు ఆ గంట్లు కడియము లోపలి పళ్ళ వలననే ఏర్పడును.

ఇచ్చట ఒక విషయమును మనస్సున గట్టిగా నాటుకొనుడు. నాణెముపై ఉబ్బెత్తుగా నున్నదెల్ల అచ్చుపై గుంటగా నుండును. అచ్చుపై ఉబ్బెత్తుగా నున్నదెల్ల నాణెముపై గుంటగా నుండును. ఈ యొక్క సూత్రము చేతనున్నచో సగము సందేహములు తీరిపోవును. వేల కొలది దెబ్బలు కొట్టి అలసిన ఉక్కు అచ్చు ఒక్కొక్కప్పుడు బీటవారును. ఆ బీటలోనికి కూడ లోహము చొచ్చుకొనును. కావున అచ్చు బీటవారినచో నాణెముపై ఉబ్బిన గీత కనబడును. మేకు గీచిన గాటు అట్లు కాదు. అది నాణెపు మేనిని లోనికి కోయును. కోసిన లోహము గాటు ప్రక్కలకు ఒత్తిగిలి నిలుచును. గీతపై గోటి కొనను మెల్లగా నడిపించినచో అది పైకెక్కునో, క్రిందికి దిగునో తెలియును. ఎక్కినచో బీట యనుకొనవచ్చును, దిగినచో గాటు. గోరు చాలనప్పుడు భూతద్దము సాయపడును.

అచ్చు అంచున ఒక ముక్క పూర్తిగా విఱిగిపోవుటయు కలదు. అప్పుడు ఆ చోట అచ్చునకు రూపము లేదు గనుక, నాణెపు గట్టు ప్రక్కన రూపములేని లోహపు బుడిపె యొకటి లేచును. అక్షరములు దానిలో మునిగిపోవును. దానికి సరిగా ఎదురుగా, రెండవ ముఖమున కూడ బొమ్మ కొంత బలహీనముగా నుండును; ఏలయనగా అచ్చట లోహమునకు చాలినంత ఒత్తిడి కలుగలేదు. నాణెముపై ఎవరైన సీసము కరిగించి చుక్కవేసినచో అదియు బుడిపెవలె కనబడును. కాని దాని రంగు వేఱు; దాని క్రింద అక్షరము చెక్కుచెదరక యుండును; రెండవ ముఖమున ఏ మార్పును ఉండదు.

లోహపు పట్టెను కోయునప్పుడు జరుగు పొరపాటు మఱియొకటి. కజ్జికాయల ముక్కలను కోయు గిన్నె, అంతకుముందు కోసిన చోటిమీదికి కొంచెము జరిగినదనుకొనుడు. అప్పుడు కోసిన ముక్క పూర్ణచంద్రునివలె నుండదు. ఒక వైపు కొడవలివంటి కోత యుండును. లోహపు బిళ్ళలకును ఇట్లే జరుగును. పట్టె చివర కోసినచో ఆ కోత తిన్నగా కూడ నుండవచ్చును. ఇట్టి నాణెమును ఆకురాయితో రాచి తయారుచేయుట దుర్జనులకు కష్టము కాదు. మఱి నిజమైనదానిని గుర్తించుట యెట్లు? కోతకు ఎదురుగానున్న గట్టును చూడుడు. గట్టును లేపు యంత్రములో బిళ్ళ రెండు వైపుల మధ్య నలుగుచు దొర్లును. కోతగల వైపు ఖాళీగా నున్నందున ఎదుటి వైపున ఒత్తిడి తగ్గును. అందుచేత కోతకు సరిగా ఎదురుగా గట్టు తఱచుగా పలుచబడియో, లోపించియో యుండును. కోత సమీపమున అక్షరములు క్రమముగా సన్నగిల్లి సాగినట్లుండును; లోహము ఖాళీ వైపునకు పాఱుటయే దీనికి కారణము. ఆకురాయి పట్టినవాని నాణెమున అక్షరము కత్తితో నఱికినట్లు హఠాత్తుగా తెగియుండును. ఎదుటి గట్టు నిండుగా నుండును. కోసిన చోట సన్నని గీతలు మెఱయుచుండును.

బిళ్ళ కడియములో సరిగా కూర్చొననిచో బొమ్మ ప్రక్కకు జరిగి పడును. అప్పుడు ఒక వైపు చంద్రవంకవంటి ఖాళీ స్థలము మిగులును. రెండవ వైపు అక్షరములు కొన్ని నాణెమునకు వెలుపల పోయినట్లుండును. కడియము లేచి రానిచో లోహము అడ్డులేక పఱచుకొని, నాణెము వెడల్పగును. కాని అక్షరములు స్పష్టముగనే యుండును. సమ్మెటతో కొట్టిన నాణెము కూడ వెడల్పగును. ఐనను దాని అక్షరములు చితికియుండును. గట్టు నలిగి లోనికి ముడుచుకొని యుండును. రైలు పట్టాలపై నాణెము నుంచు దుస్సాహసము కొందఱు బాలురకు కలదు. అది ప్రాణాపాయము, ఆ విధముగా సాగిన నాణెమునకు విలువయు లేదు.

ముద్రింపబడిన నాణెము క్రిందికి జాఱక పై అచ్చునకు అంటుకొనియుండుట మఱియొక వింతకు హేతువగును. తరువాతి బిళ్ళ వచ్చినప్పుడు ఆ అంటుకొన్న నాణెమే అచ్చుగా పనిచేయును. దాని ఉబ్బెత్తు బొమ్మ క్రొత్త బిళ్ళపై గుంటగాను, అద్దములో చూచినట్లు తాఱుమాఱుగాను పడును. ఇట్టి నాణెములను సేకరించువారు ఆదరింతురు. కావున కపటులు రెండు మంచి నాణెములను పట్టుకొయ్యలో బిగించి నొక్కి, దీనిని అనుకరింతురు. వారి మోసము నిలువదు. నొక్కిన నాణెమున తన సొంత బొమ్మ ఛాయగా క్రింద మిగిలియుండును; వెనుక ముఖము చదునై పోవును. నిజమైనదానిలో తాఱుమాఱు బొమ్మ క్రింద వేఱొక బొమ్మ యుండదు.

అక్షరములు గాని అంకెలు గాని లోపించిన నాణెములు మనకు తఱచుగా తగులును. ఇందుకు కారణములు మూడు. అచ్చులోని గుంటను యంత్రపు జిడ్డు, లోహపు పొడి పూడ్చివేసినచో లోహము దానిలోనికి పోజాలదు. అప్పుడు ఒక అంకె మాయమై, ప్రక్క అంకె మాత్రము క్రొత్తదానివలె నిగనిగలాడును. ఆ ఖాళీ చోటు కూడ పరిసరములవలె నునుపుగా, సమతలముగా నుండును. ఇది టంకశాల దోషము. రెండవ కారణము అరుగుదల. అరుగుదల న్యాయమైనది, అది ఎక్కువ ఎత్తున నున్నదానిని ముందుగా తాకును. మన నాణెములపై అశోక స్తంభపు సింహముల జూలును, ఱొమ్మును ముందు చదునగును. గట్టు చాటున నున్న అక్షరములు తరువాత అరుగును. అరుగుదల ఒక్క అంకెను ఎన్నుకొని ప్రక్కదానిని విడిచిపెట్టదు. మూడవ కారణము మనుష్యుని చేయి. గీకి తుడిచిన అంకె యున్న చోటు పల్లమై, రంగు మారి, గీతలతో నిండియుండును.

ఒక్కొక్క నాణెమున అక్షరములు జంటగా కనబడును. ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అచ్చును తయారుచేయునప్పుడే మూలముద్ర రెండు మాఱులు కొంచెము ఎడముగా పడినచో, ఆ అచ్చునుండి పుట్టిన ప్రతి నాణెముపైనను జంట అక్షరము కనబడును. అమెరికాలో 1955వ సంవత్సరపు ఒక సెంటు నాణెములు కొన్ని ఇట్టివే; వానిపై సంవత్సరమును, అక్షరములును జంటగా నున్న విధము కంటికే తెలియును. ఇట్టి జంటలో రెండు రూపములును నిండుగా, గుండ్రముగా నుండును. అక్షరపు మూలలు చీలినట్లుండును. కాని దెబ్బ కొట్టిన వెంటనే అచ్చు వదులై ఇసుమంత కదలినచో అక్షరపు ప్రక్క చెక్కినట్లై, మెట్టువలె చదునైన నీడ యేర్పడును. ఇది యంత్రపు అదురు మాత్రమే. ఇట్టివి కొల్లలుగా దొరకును. సేకరించువారు వీనికి విలువ నీయరు.

పది రూపాయల నాణెము రెండు లోహముల కలయిక. బయటి వలయమును, లోపలి బిళ్ళయును అచ్చు దెబ్బతోనే ఒకటిగా కలియును. కావున గీతయో, అక్షరమో ఒక లోహమునుండి రెండవ లోహమునకు దాటుచున్న చోట అది తెగకుండ సాగవలెను. లోపలి బిళ్ళను ఊడబెఱికి త్రిప్పి పెట్టినచో ఆ గీతలు కలియవు. కలయిక చుట్టును పనిముట్ల గాట్లు కనబడును.

దెబ్బలలో ప్రకృతి చేసినవియు కలవు. రాజమహేంద్రవరము వద్ద రైలు గోదావరి వంతెనపై పోవునపుడు భక్తులు నదిలో నాణెములు వేయుట మీరెఱిగినదే. ఏండ్ల తరబడి నీటను, ఇసుకను పడియున్న నాణెము నల్లబడి, మేనంతయు మశూచి మచ్చలవలె గుంటలు పడును. నిప్పులో పడినది బుడగలు లేచి రంగులు మాఱును. ఆమ్లములో పడినది అన్ని వైపుల సమముగా కరిగి పలుచనగును, దాని అక్షరములు నీరసముగా నుండును, బరువు తగ్గును. పలుచని నాణెమును చూచి, పలుచని పట్టెనుండి పుట్టినదేమో యని భ్రమపడువారు గట్టును, అక్షరపు అంచులను పరీక్షింపవలెను. కరిగిన లోహమున ఏ అంచును పదునుగా నుండదు.

బరువు, కొలత, అయస్కాంతము - ఈ మూడును నిష్పక్షపాతమైన సాక్షులు. 2011లో వచ్చిన వరుసలో రూపాయి బరువు 3.79 గ్రాములు, రెండు రూపాయలది 4.85 గ్రాములు, ఐదు రూపాయలది 6 గ్రాములు, పది రూపాయలది 7.71 గ్రాములు. కంసాలి త్రాసుపై తూచినచో నాణెము తన లోహమును ఎంత పోగొట్టుకొన్నదో తెలియును. ఉక్కు రూపాయి అయస్కాంతమునకు అంటుకొనును. 1992లో వచ్చిన పదునొకండు అంచుల రెండు రూపాయల నాణెము రాగి, నికెలు మిశ్రమముతో చేయబడినది గనుక అంటుకొనదు. ఒక నాణెము తన జాతి నాణెములవలె అయస్కాంతమునకు లోబడనిచో, అది వేఱు లోహపు బిళ్ళపై ముద్రింపబడినదేమో యని విచారింపవలెను.

కాని ఈ విచారణకు ముందు వేఱొక పని కలదు. ప్రభుత్వమే రూపమును మార్చినదేమో చూడవలెను. 1992 నుండి వచ్చిన ఉక్కు రూపాయి అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు. 2011 వరుసలోని రెండు రూపాయల నాణెము కొలతయు అంతియే, బరువును అంతియే. 2011 రూపాయి దాదాపు 22 మిల్లీమీటర్లకు తగ్గినది. 2019 వరుసలో కొలతలు మఱల మాఱినవి. ఇరువది రూపాయల క్రొత్త నాణెము పండ్రెండు అంచులతో వచ్చినది. ఇవి యేవియు దోషములు కావు. పది రూపాయల నాణెము పలు రూపములలో వెలువడుటచే, కొన్ని నకిలీవని కొట్లవారు వానిని నిరాకరించిరి. అప్పుడు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన చేయుచు, అంతవఱకు వెలువడిన పదునాలుగు రూపములును చెల్లునని స్పష్టపఱచినది. తెలియనితనము మంచి నాణెమును కూడ దొంగ నాణెముగా చేయగలదనుటకు ఇది తార్కాణము.

నిజమైన దోషము తనకు తోబుట్టువులను కలిగియుండునను సంగతిని కూడ గమనింపుడు. అచ్చున దోషమున్నచో ఆ అచ్చున పుట్టిన నాణెములన్నింటను అదే చోట అదే గుర్తు కనబడును. అమెరికాలోని డెన్వర్ టంకశాలలో 1937లో ఒక అచ్చును మితిమీఱి సాన పట్టుటచే, ఐదు సెంట్ల నాణెముపైని అడవిదున్నకు ముందు కాలొకటి మాయమైనది. ఆ నాణెమునకు గిరాకి పెరుగగా, మోసగాండ్రు సాధారణ నాణెములపై కాలును గీకివేసి అమ్మసాగిరి. కాని నిజమైన నాణెములపై దున్న పొట్ట క్రింద నేలవఱకు ఉబ్బిన చుక్కల వరుస యొకటి కలదు. అది ఆ అచ్చుకు మాత్రమే చెందిన గుర్తు. కాలును గీకినవాడు లోహమును తీసివేయగలిగెను గాని, ఉబ్బిన చుక్కలను పుట్టింపలేకపోయెను. మోసము అచ్చటనే బయటపడినది.

బ్రిటనులో జరిగిన మఱియొక కథ గమనింపదగినది. 2008లో అచ్చటి ఇరువది పెన్సుల నాణెపు రూపమును మార్చుచు, ఒక ముఖముపై నున్న సంవత్సరమును రెండవ ముఖమునకు తరలించిరి. ఆ సమయమున కొన్ని నాణెములకు ఒక వైపు క్రొత్త అచ్చును, రెండవ వైపు పాత అచ్చును వాడుట సంభవించెను. క్రొత్తదానిపై సంవత్సరము లేదు, పాతదానిపైనను లేదు. ఈ విధముగా సంవత్సరమే లేని నాణెములు, 50,000 నుండి 2,00,000 వఱకు నుండవచ్చునని అంచనా వేయబడినవి, ప్రజల చేతులలోనికి వచ్చెను. ఇచ్చట సంవత్సరము అరిగిపోలేదు, ఎవరును గీకలేదు. కారణము టంకశాలలోనే స్పష్టముగా చూపగలిగినందున అది నిజమైన దోషమయ్యెను.

ఇప్పుడు పరీక్షా క్రమమును సంగ్రహింతము. మొదట ఆ జాతికే చెందిన మంచి నాణెమును ప్రక్కన నుంచి పోల్చి చూడుడు. రూపము మాఱిన వరుసకు చెందినదేమో, ఏ టంకశాలదో నిర్ణయింపుడు. పిదప వింతగా తోచిన చోట లోహము ఉబ్బినదా, దిగినదా యని పరిశీలింపుడు. ఆ చోటి ప్రభావము రెండవ ముఖముపైనను, ఎదుటి గట్టుపైనను కలదా యని చూడుడు. బరువును, అయస్కాంతమును సాక్ష్యమడుగుడు. చివరకు మిమ్ము మీరు ఇట్లు ప్రశ్నించుకొనుడు: టంకశాలలో ఏ దశయందు, ఏ విధమున ఇది జరిగియుండును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేనంతవఱకు దానిని దోషమని పిలువరాదు.

పరీక్షించు తొందరలో నాణెమును చింతపండుతో గాని, బూడిదతో గాని తోమరాదు. రాగి చెంబు తోమిన మెఱయును. నాణెము తోమినచో సాక్ష్యము చెడును. తోమిన గీతలు పాత గుర్తులను చెఱిపివేయును. ఆపై నిజమేదో అబద్ధమేదో నిపుణుడు కూడ తేల్చి చెప్పజాలడు. నాణెమును గీకి, సాగగొట్టి వింతగా చేయబూనుట మిక్కిలి తప్పు. నాణెములను కరిగించుటను, నాశనము చేయుటను 2011వ సంవత్సరపు నాణెముల చట్టము నిషేధించుచున్నది.

నిజమైన దోషము దొరకినను ఆశలు మితిమీఱరాదు. జిడ్డు పూడిన అంకె, చిన్న బీట తఱచుగా దొరకునవి. వానికి ముఖవిలువకు మించి పెద్దగా రాదు. అరుదుతనము, కొనువారి ఆసక్తి - ఈ రెండును కలిసినప్పుడే విలువ పెరుగును. ముందుగా సొమ్ము చెల్లించుమని అడుగువాడు కొనువాడు కాడని మాత్రము మఱువకుడు.

ఒక రైతు సంతలో ధాన్యమమ్మి తెచ్చిన అరిగిన రూపాయిని చూచి, దీనిపై బొమ్మ సరిగా లేదని కొట్టువాడు త్రోసివేసినచో, పరీక్ష తెలిసిన బాలుడు దానిని చేతికి తీసికొని, “ఇది వేలమంది చేతులలో తిరిగి అరిగినది, దొంగది కాదు” అని చెప్పగలడు. లక్ష రూపాయల ఆశతో ఆకురాయి పట్టిన నాణెమును కొనబోవు పొరుగువానిని వారింపగలడు. రెండు చోట్లను అతడు చేసినది ఒక్కటే పని: కంటికి కనబడినదానిని కోరికకు లోబడక చదువుట. ఇందులకు ఖర్చు ఏమియు లేదు. ఒక భూతద్దము, కొంచెము వెలుతురు, మఱికొంచెము ఓపిక చాలును.

ప్రశ్నలు

1. అచ్చు బీటవారినచో నాణెముపై గీత ఉబ్బెత్తుగా నుండుటకు కారణమేమి? మేకు గీచిన గాటునకును, దీనికిని భేదమును తెలుపుడు.

2. అంచున కోతగల నాణెము నిజమైనదో కాదో తేల్చుటకు ఎదుటి గట్టును ఏల చూడవలెను?

3. ఒక రూపాయి నాణెముపై సంవత్సరపు చివరి అంకె లేదు. ఇందుకు గల మూడు కారణములను వ్రాసి, ఒక్కొక్కదానిని గుర్తించు విధమును వివరింపుడు.

4. 1937 నాటి అమెరికా నాణెమును అనుకరించినవారి మోసము ఎట్లు బయటపడెను?

5. మీ యింటనున్న చిల్లర నాణెములను పది తీసికొని, అవి ఏయే టంకశాలలలో ముద్రింపబడినవో పట్టిక వ్రాయుడు. వానిపై కనబడు ప్రతి గుర్తును దోషమా, అరుగుదలయా, దెబ్బయా యని కారణసహితముగా నిర్ణయింపుడు.